గురువును చూసి గురువైన మనిషి – రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

ఈ ప్రత్యేక సంచికను గురువులకు కేటాయించాలని మన కార్యవర్గం నిర్ణయించినప్పుడు, ఎవరిని గురించి వ్రాయాలా అని నేను పెద్దగా తడుముకోలేదు. కాకినాడలో చదువుకొని, ఉద్యోగంలో ఎక్కువకాలం కాకినాడలోనే గడిపి, ఇక్కడే పెన్షను తీసుకొంటున్నవాడికి గురువు అనగానే ఒకే ఒక రూపం కళ్ళముందు నిలుస్తుంది. తెల్లని దుస్తులు, తెల్లని గడ్డం, తలపాగా. ఆయన పోయేనాటికి నేను పుట్టనేలేదు. నేను 1966లో పి.ఆర్. కాలేజీలో చేరేనాటికి ఆయన అక్కడ ప్రిన్సిపాలు పదవి వదలి 47 సంవత్సరాలు గడిచాయి. అయినా ఆయన పేరు ఎత్తవలసి వస్తే మా లెక్చరర్లు కుర్చీలో కొంచెం సర్దుకొని కూర్చొనేవారు. అది నాకు ఇప్పటికీ గుర్తు.

నాయుడుగారిని గురించి మన సభ్యులలో చాలామందికి తెలుసు. బ్రహ్మసమాజ ప్రచారకులనీ, భోగంమేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారనీ, సర్ బిరుదు పొందారనీ, మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పనిచేశారనీ పిల్లల పుస్తకాలలో కూడా ఉంటుంది. వాటిని మళ్ళీ వరుసపెట్టి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంతటి ప్రతిభ ఉన్న మనిషి, ఇంగ్లీషు చదివినవాడికి గవర్నమెంటు కొలువులు పిలిచి ఇచ్చే రోజులలో, పంతులు పని ఎందుకు ఎంచుకొన్నాడు అన్నదే నన్ను ఆకర్షించిన విషయం. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు ఆయనకు పాఠం చెప్పిన ఒక స్కాట్లండు దేశస్థుడిని గురించి తెలుసుకోవాలి.

రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన బందరులో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యంలో సుబేదారు. తల్లి శేషమ్మగారు. ఆ ఇంట్లో అంతా సిపాయి సంప్రదాయమే. పటాలం ఎక్కడికి కదిలితే సంసారం అక్కడికి కదిలేది. అందువల్ల పిల్లవాడి తొలి చదువు తెలుగు దేశానికి దూరంగా ఉత్తరాదిన సాగింది. హిందీ, ఉర్దూ, పారసీ భాషలు ఆయనకు చిన్ననాడే పట్టుబడ్డాయి. బదిలీల ఉద్యోగాలు చేసినవాళ్ళం కనుక మనకు ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. ఏటా కొత్త ఊరు, కొత్త బడి, కొత్త పంతులు అయితే పిల్లవాడు ఒక్కోసారి చెడిపోతాడు, ఒక్కోసారి రాటుతేలుతాడు. ఈ పిల్లవాడు రాటుతేలాడు. తరువాత హైదరాబాదులో హైస్కూలు చదువు. అది పూర్తిచేసి, పైచదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు.

ఆ కాలేజీ ప్రిన్సిపాలు డాక్టర్ విలియం మిల్లర్. స్కాట్లండులో ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున ఉన్న థర్సో అనే చిన్న ఊరిలో 1838లో పుట్టి, 24 ఏళ్ళ వయస్సులో మద్రాసు చేరారు. అది కూడా 1862లోనే. శిష్యుడు బందరులో పుట్టిన సంవత్సరమే గురువు మద్రాసులో ఓడ దిగాడన్నమాట. ఇందులో విశేషమేమీ లేదు, కాకతాళీయమే. కాని ఇటువంటివి చదివినప్పుడు నా వయస్సు వాడికి కొంచెం సంతోషం కలుగుతుంది.

మిల్లర్ గారు వచ్చేనాటికి అక్కడ ఉన్నది ఒక మిషను పాఠశాల మాత్రమే. దానిని ఆయన కాలేజీగా పెంచారు. 1877లో వేరువేరు ప్రొటెస్టెంటు మిషన్లు చేతులు కలిపినప్పుడు అది మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. ఇప్పుడు మనం తాంబరంలో చూసే కాలేజీ అదే. అక్కడికి మారింది 1937లో. మిల్లర్ గారి కాలంలో అది జార్జిటౌనులో, ఎస్ప్లనేడు వీధి పక్కన ఇరుకు భవనాలలో నడిచేది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. సొంత కుటుంబపు సొమ్ము కూడా తెచ్చి కాలేజీ భవనాలకూ, దూరపు ఊళ్ళ విద్యార్థుల వసతిగృహాలకూ ఖర్చుపెట్టారు. అటు గంజాం నుండి, ఇటు తిరునల్వేలి నుండి వచ్చిన పిల్లలు పట్నంలో ఎక్కడ తింటున్నారు, ఎక్కడ పడుకొంటున్నారు అన్నది కాలేజీ పట్టించుకోవలసిన విషయమే అని ఆ రోజుల్లో తలచినవారు తక్కువ. పాఠం చెప్పడంతో పంతులు బాధ్యత తీరిపోతుందని అందరూ అనుకొనే కాలం అది.

మిల్లర్ గారు ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవారు. ముఖ్యంగా షేక్స్పియరు నాటకాలు. నోట్సు చెప్పి వ్రాయించి పరీక్ష గట్టెక్కించే పద్ధతి కాదు. లియరు రాజు పతనం, మాక్బెత్ పతనం, ఒథెల్లో పతనం మనిషి నడతకు సంబంధించిన పాఠాలుగా ఆయన బోధించేవారు. తరువాత ఆ దృష్టితోనే ఒక్కొక్క నాటకం మీద ఒక్కొక్క పుస్తకం వ్రాశారు. పాండిత్యం తూచేవారు ఆ పుస్తకాలను ఇప్పుడు అంతగా లెక్కపెట్టరు. కాని తరగతిలో కూర్చున్న 20 ఏళ్ళ యువకుడికి, ఎదుట ఉన్న మనిషి ఏది చెబుతున్నాడో అలాగే బ్రతుకుతున్నాడు అని కనిపిస్తే, ఆ పాఠం వేరుగా వినిపిస్తుంది.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. మిల్లర్ గారు మతప్రచారకులు. పంపించినవారు ఆయన నుండి మతంలో కలిసినవారి లెక్క ఆశించారు. ఆ లెక్క ఎన్నడూ పెద్దగా రాలేదు. ఇంత డబ్బు పోసి హిందువుల పిల్లలకు షేక్స్పియరు చెప్పడం ఎందుకు అని మిషన్లలోనే చాలామంది విమర్శించారు. చదువు మనుషుల ఆలోచనను లోపలినుండి మారుస్తుంది, తలలు లెక్కపెట్టడం దాని పని కాదు అన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీద 45 ఏళ్ళు నిలబడ్డారు. పైవాళ్ళు అడిగే లెక్కలకూ, మనం చేసే అసలు పనికీ పొంతన కుదరకపోవడం ఎలా ఉంటుందో ప్రతి ఉద్యోగికీ తెలుసు. మార్చి నెలలో టార్గెట్లు చూపించిన మనకు మిల్లర్ గారి ఇబ్బంది సులువుగానే అర్థమవుతుంది.

వెంకటరత్నం నాయుడుగారు ఆ లెక్కలో చేరలేదు. మిల్లర్ గారి ప్రియశిష్యులలో ఒకరైనా క్రైస్తవం తీసుకోలేదు. 1885లో బ్రహ్మసమాజంలో చేరారు. దేవుడు ఒక్కడే, విగ్రహం వద్దు, కులం వద్దు అన్న మార్గం అది. గురువు మతం ఒకటి, శిష్యుడి మార్గం మరొకటి. అయినా గురుశిష్య బంధం తెగలేదు. నాయుడుగారు జీవితాంతం తనను దిద్దినవారిగా మిల్లర్ గారినే తలచుకొన్నారు. అంటే ఆయన గురువు నుండి తీసుకొన్నది మతం కాదు, సిలబసు కాదు. పంతులు ఇల్లు, పంతులు జీతం, పంతులు సాయంత్రాలు కూడా విద్యార్థులవే అన్న ఒక అలవాటు తీసుకొన్నారు. పెళ్ళి లేని ఆ దొర కాలేజీనే సంసారం చేసుకోవడం కళ్ళారా చూశారు. నాకు అర్థమైనంతవరకు ఆయన జీవితానికి తాళంచెవి అక్కడే ఉంది.

ఆ రోజుల్లో బి.ఎ. పట్టా అంటే మాటలు కాదు. జిల్లా మొత్తానికి పట్టభద్రులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. బి.ఎల్. చేస్తే వకీలు, రెవెన్యూలో చేరితే తహసీలుదారు, అదృష్టం బాగుంటే డిప్యూటీ కలెక్టరు. సుబేదారుగారి కొడుకు, ఉర్దూ పారసీ వచ్చినవాడు, ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడగలవాడు ఏ కచేరీలో అడుగుపెట్టినా కుర్చీ వేసేవారు. ఆయన ఎం.ఏ. కూడా పూర్తిచేసి బడిపంతులు వృత్తిలో స్థిరపడ్డారు. 1889లో భార్య పోయారు. ఆయనకు అప్పటికి 27 ఏళ్ళు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అప్పటినుండి చివరిదాకా తెల్లబట్టలే కట్టారు. శ్వేతాంబర ఋషి అని జనం పిలుచుకొన్నది అందుకే. గురువు బ్రహ్మచారిగా చేసిన పనిని శిష్యుడు విధురుడిగా చేశారు.

ఆయన పాఠాలు చెప్పిన చోట్లలో మొదట చెప్పుకోవలసినది బందరు నోబుల్ కాలేజీ. రాబర్టు నోబుల్ అనే మిషనరీ 1843లో పెట్టిన బడి అది. ఆ నోబుల్ గారు కూడా ఒకసారి బందరు వచ్చాక స్వదేశం మొగం చూడకుండా 1865లో అక్కడే కన్నుమూశారు. అటువంటి మిషను కాలేజీ ఒక బ్రహ్మసమాజికుడిని అధ్యాపకుడిగా పెట్టుకోవడం, ఆ రోజులకు విశాలహృదయమనే చెప్పాలి. 1890ల రెండవ సగంలో అక్కడ ఆయన ఎదుట బెంచీల మీద కూర్చున్నవారిలో ముగ్గురు స్నేహితులు ఉన్నారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య. వీరిలో పట్టాభిగారు తరువాత బి.ఎ.కు వెళ్ళింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీకే. గురువుగారి గురువు ఇంకా అక్కడ ప్రిన్సిపాలుగా ఉన్న రోజులవి.

ఈ ముగ్గురూ పెద్దయ్యాక ఏమి చేశారో చూడండి. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. గవర్నమెంటు గ్రాంటు లేకుండా, ప్రజల చందాలతో, చదువుతో పాటు నేత, వడ్రంగం, యంత్రాల పని, చిత్రలేఖనం నేర్పే విద్యాలయం. పట్టాభిగారు డాక్టరు. కృష్ణారావుగారు కృష్ణాపత్రిక సంపాదకులు. హనుమంతరావుగారు ఎం.ఏ., బి.ఎల్. చదివి కూడా వకీలు గౌను పక్కనబెట్టి ఆ కళాశాలకే జీవితం ధారపోశారు. దానికోసం ఊరూరా తిరిగి, ఆరోగ్యం పాడుచేసుకొని, 1922లో చిన్న వయస్సులోనే పోయారు. నాయుడుగారు ఈ యువకులకు జాతీయ కళాశాల పెట్టమని చెప్పలేదు. ఆయన రాజకీయాలు వేరు, వాళ్ళ రాజకీయాలు వేరు. ఆయన బ్రిటిషు ప్రభుత్వపు బిరుదులు పుచ్చుకొన్న మితవాది, వాళ్ళు వందేమాతరం ఉద్యమంలో తేలినవారు. మిల్లర్ గారికీ ఆయనకూ ఉన్న తేడా వంటిదే ఇదీ. శిష్యులు గురువుగారి దారిలో నడవలేదు, గురువుగారి నడక పట్టుకొన్నారు.

బందరు తరువాత 1899 నుండి సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో ప్రిన్సిపాలు. 1893 ఫిబ్రవరిలో, అమెరికా ప్రయాణానికి ముందు, వివేకానందస్వామి ఉపన్యసించిన కాలేజీ అదే. నాయుడుగారికి ఉర్దూ, పారసీ బాగా వచ్చి ఉండడం అక్కడ కలిసివచ్చింది. ఆ ఐదేళ్ళను గురించి ఇంతకంటే చెప్పను. మా ఊరికి రావాలని నాకు ఆత్రంగా ఉంది.

కాకినాడలో పిఠాపురం రాజావారి కాలేజీ 1884లో కాలేజీ స్థాయికి వచ్చింది. మహారాజా సూర్యారావు బహద్దరు వారు నాయుడుగారిని గురువుగా స్వీకరించారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పేరు వినని సాహిత్యాభిమాని ఉండడు కదా, ఆ సూర్యరాయులే. ఈయన ఆలోచన, ఆయన ఖజానా కలిసి కాకినాడలో పని చేశాయి. 1904, 1905 ప్రాంతంలో ప్రిన్సిపాలుగా వచ్చి, 1919 వరకు నాయుడుగారు ఆ కాలేజీని నడిపారు. నేను పనిచేసింది ఖజానా శాఖ కనుక ఇంకొక మాట. జమీందారుల ఖజానాల నుండి ఆ రోజుల్లో సొమ్ము ఎటెటు పోయేదో మనకు తెలుసు. మేజువాణీలకు పోయే సొమ్ము బెంచీలకూ, వసతిగృహాలకూ, అనాథ శరణాలయానికీ మళ్ళడం అంత తేలికగా జరిగేది కాదు.

ఆ కాలేజీలో ఆయన చేసినది మూడు రకాలుగా కనిపిస్తుంది నాకు. పాఠం, ఒకటి. ఇంగ్లీషు సాహిత్యమే చెప్పేవారు, గురువుగారి లాగానే. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసం వినడానికి వేరే ఊళ్ళనుండి వచ్చేవారట. ఇక తలుపులు తెరవడం. ఆడపిల్లలను మగపిల్లలతో పాటు కాలేజీలో చేర్చుకొన్నారు. పంచములని పేరుపెట్టి దూరంగా ఉంచిన కులాల పిల్లలకు చదువు, వసతి ఏర్పాటుకు పూనుకొన్నారు. ఇప్పుడు ఈ వాక్యం వ్రాయడానికి అరనిమిషం పట్టింది. వందేళ్ళ క్రిందట కాకినాడలో ఒక అగ్రవర్ణపు తండ్రి తన కొడుకును ఆ తరగతి గదిలోకి పంపాలా వద్దా అని ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటాడో ఊహించుకోండి. ఆ తండ్రులు చివరకు పంపారు. ప్రిన్సిపాలు నడతలో వేలు పెట్టి చూపించడానికి ఏమీ దొరకకపోవడం అందుకు ముఖ్యకారణమని నేను అనుకొంటాను.

మూడవది జీతం. తనకు వచ్చే జీతంలో ఎక్కువభాగం బీద విద్యార్థులకూ, అనాథలకూ పోయేది. పరీక్ష ఫీజు కట్టలేనివాడు, భోజనానికి ఇబ్బందిపడేవాడు ప్రిన్సిపాలుగారి ఇంటికి వెళ్ళవచ్చు. తల్లిదండ్రులు లేని పిల్లలను తెచ్చి తన ఇంట్లో పెంచారు. వారికి చదువు చెప్పించారు, పెళ్ళిళ్ళు చేశారు. వితంతువుల వివాహాలు, కులాంతర వివాహాలు దగ్గరుండి జరిపించారు. కాకినాడ బ్రహ్మమందిరంలో ఆయన చేసే ప్రార్థనకు విద్యార్థులు గుంపులుగా వెళ్ళేవారు. వారిలో బ్రహ్మసమాజంలో చేరినవారు కొందరే. మిగిలినవారు ఇంటికి వెళ్ళి సంధ్యావందనం చేసుకొనేవారే. ఆయన కూడా తలలు లెక్కపెట్టలేదు.

నాయుడుగారిని గురించి పొగడ్తలే వ్రాస్తే మన పాఠకులు నన్ను క్షమించరు. భోగంమేళాల వ్యతిరేక ఉద్యమం విషయంలో నాకు కొంత సందేహం ఉంది. పెద్దమనుషులు పెళ్ళిళ్ళలో, పార్టీలలో మేళాలు పెట్టడం మానాలి, నీతి అనేది మగవాడికి కూడా వర్తించాలి అని ఆయన పట్టుబట్టడం న్యాయమే. మర్యాదస్థులు సాయంత్రం ఎక్కడికి వెళ్తే వారికేమిటి అనుకొనే సమాజంలో అది సాహసం కూడా. కాని ఆ స్త్రీలకు మేళం పోతే బ్రతుకుతెరువు ఏది అన్న ప్రశ్నకు, వారి చేతుల్లో తరతరాలుగా బ్రతికిన సంగీతం, నాట్యం ఏమైపోవాలి అన్న ప్రశ్నకు ఆ తరం సంస్కర్తలు తగిన సమాధానం చెప్పలేకపోయారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక ఆ కుటుంబాలు పడిన కష్టాలు మన గోదావరి జిల్లాలవారికి కొత్తగా చెప్పాలా? సంస్కర్తగా ఆయన తీర్పు కొన్నిచోట్ల కఠినం. పంతులుగా మాత్రం ఆయన దగ్గర మెత్తదనమే ఎక్కువ. రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదేమీ కాదు.

ఇక్కడ కొంచెం సొంతగోల. నేను ఖజానా శాఖలో 1971 నుండి 2006 వరకు పనిచేశాను. ఏటా జీవన ధ్రువపత్రాలు ఇచ్చే రోజులలో మా ఆఫీసు వరండా పెద్దలతో నిండిపోయేది. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించినా సరిపోతోంది కాని, అప్పట్లో మనిషి రావలసిందే. అన్ని శాఖలవారూ వచ్చేవారు. ఉద్యోగంలో ఉండగా జిల్లాను గడగడలాడించిన అధికారులు కూడా వచ్చి, ఎవరూ గుర్తుపట్టక, తమ వంతు కోసం గోడకు ఆనుకొని నిలబడేవారు. కాని బడిపంతులు వస్తే వేరు. వరండాలో ఎవరో ఒకరు లేచేవారు. మా గుమాస్తాలలోనే ఒకడు పెన్ను క్రిందపెట్టి వెళ్ళి ఆయన చేతిలో కాగితాలు తీసుకొనేవాడు. ఎవరి పెన్షను ఎంతో మా రిజిస్టరులో స్పష్టంగా ఉండేది, పంతుళ్ళది ఏమంత పెద్ద మొత్తం కాదు. ఈ రెండవ లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండేది కాదు. 35 ఏళ్ళు చూశాను కనుక చెబుతున్నాను.

మా ఇంట్లో ఈ మధ్య ఇదే విషయం మీద వాదన నడుస్తోంది. మా మనుమరాలు ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో మంచి కంపెనీలో మూడేళ్ళు పనిచేసి, ఇప్పుడు బి.ఎడ్. చదువుతాను, బడిలో లెక్కలు చెబుతాను అంటోంది. కారణం అడిగితే తన ఎనిమిదో తరగతి లెక్కల టీచరమ్మ పేరు చెబుతుంది. లెక్కలు రావని ఏడ్చే పిల్లను సాయంత్రం అరగంట ఉంచి, ఇంటినుండి తెచ్చిన జంతికలు పెట్టి, భిన్నాలు నేర్పిన మనిషి ఆవిడ. మా అబ్బాయికి కోపం, కోడలికి దిగులు. సంబంధాలు చూసే వయస్సు, ఇంటి అప్పు కంతులు, జీతంలో తేడా అన్నీ నిజమే. వాళ్ళ భయం తప్పని నేను అనను. ఎటు మొగ్గుతానని ఇంట్లో నన్ను అడిగితే నాయుడుగారి కథ చెబుతున్నాను. ఇంకా ఏమీ తేలలేదు. మన సభ్యుల ఇళ్ళలో కూడా ఇటువంటి మనుమలు, మనుమరాళ్ళు ఉండే ఉంటారు.

మళ్ళీ విషయానికి వస్తాను. 1919లో కాలేజీ విడిచిన తరువాత నాయుడుగారు మద్రాసు శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారు. 1924లో సర్ బిరుదు వచ్చింది. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా నియమితులై 1928 వరకు పనిచేశారు. అప్పటికి ఆయనకు 60 దాటాయి. ఇరవయ్యో శతాబ్దపు మొదటి యేళ్ళలో అదే కుర్చీలో కూర్చున్నవారు డాక్టర్ మిల్లర్ గారు. గురువు కూర్చున్న ఆసనంలో పాతికేళ్ళ లోపున శిష్యుడు కూర్చున్నాడు. బందరు పిల్లవాడు ఆ కుర్చీ ఎక్కడం మిల్లర్ గారు చూడలేకపోయారు. 1907లో స్వదేశానికి వెళ్ళిపోయి, 1923లో ఆయన మరణించారు. ఆయన బ్రతికి ఉండగానే శిష్యులు చందాలు వేసుకొని మద్రాసులో, కాలేజీ ఎదుట, ఆయన విగ్రహం నిలబెట్టారు. పాలకుడూ సేనాపతీ కాని ఒక కాలేజీ ప్రిన్సిపాలుకు ఈ దేశస్థులు సొంత డబ్బుతో విగ్రహం పెట్టుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

నాయుడుగారు వైస్ ఛాన్సలరుగా ఉన్న కాలంలోనే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు జిల్లాల కాలేజీలు మద్రాసు నుండి విడిపోయి తమ విశ్వవిద్యాలయం క్రిందికి వచ్చాయి. తన చేతిక్రింది సంస్థ తగ్గిపోతుంటే సంతోషించే అధికారులు తక్కువ. తెలుగువారి విశ్వవిద్యాలయానికి ఆయన అడ్డం కాలేదు సరికదా, దానిని కోరినవారిలో ఒకరు.

కాకినాడలో ఆయన తరువాత ఆ కాలేజీ పగ్గాలు పట్టినవారు వేమూరి రామకృష్ణారావుగారు. నాయుడుగారి శిష్యులు, ఆయన వలెనే బ్రహ్మసమాజికులు, ఆయన వలెనే ఇంగ్లీషు ఆచార్యులు. గురువుగారి ఉపన్యాసాలనూ, వ్యాసాలనూ ఎక్కడెక్కడివో సేకరించి, సంపుటాలుగా కూర్చి, అచ్చువేయించింది ఈయనే. నాయుడుగారు స్వయంగా పుస్తకాలు వ్రాయాలని కూర్చున్న మనిషి కాదు. ఈ శిష్యుడే లేకపోతే ఆ మాటలు ఆ సభలతోనే గాలిలో కలిసిపోయేవి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు కూడా ఆ వాతావరణంలో పెరిగినవారే. మనకు ఆయన భావకవి, సినిమా పాటల కవి. కాని ఆయన కొంతకాలం పెద్దాపురం మిషను హైస్కూలులో పిల్లలకు పాఠాలు చెప్పారు. జుట్టు, జరీ ఉత్తరీయం, కవిత్వం చూసినవారికి ఆయన నల్లబల్ల ముందు నిలబడడం ఊహకు అందదు కాని, నాయుడుగారి గాలి సోకినవారిలో పంతులు పని కొన్నాళ్ళయినా చేయనివారు నాకు తక్కువగా కనిపించారు.

చివరి యేళ్ళు నాయుడుగారు కాకినాడలో గడిపారు. పదవులు, బిరుదులు అన్నీ అయిపోయిన తరువాత కూడా ఇంటినిండా పెంచిన పిల్లలు, వచ్చిపోయే శిష్యులు. 1939 మే 26న, 76 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఎండాకాలం సెలవుల నెల అది. జూలైలో మళ్ళీ కాలేజీలు తెరిచినప్పుడు జిల్లాలో ఎన్ని తరగతి గదులలో ఆయన శిష్యులు, శిష్యుల శిష్యులు హాజరు పట్టీ తీసి పేర్లు చదివి ఉంటారో లెక్క తీసినవారు లేరు. 1966లో మా ఇంగ్లీషు లెక్చరరుగారికి పాఠం చెప్పినవారు రామకృష్ణారావుగారి దగ్గర చదువుకొన్నారు. ఆ లెక్చరరుగారు మాకు మాక్బెత్ చెప్పారు.